ఇరవై నాలుగు జోడుగొంతులు

తొమ్మిది డబ్బాలు

విత్తన గది రిజిస్టరులో ఇలాంటివి రాయకూడదు. వంగ విత్తనం ఎన్ని మొలకలెత్తింది, గోంగూర గింజలో తేమ ఎంతుంది, రాయాల్సినవి ఇవే. కానీ ఈ గదిలో ఇంకో కాగితం లేదు. ఏమీ చెప్పకుండా ఊరుకోవడం నాకు పుట్టుకతోనే చేతకాదు.

ఈ ఉదయం ఏడింటికి నేల కదిలింది. చంద్రుడి నేల అప్పుడప్పుడు ఒళ్లు విరుచుకుంటుంది, మాకది అలవాటే. ఈసారి మాత్రం అరల మీది సీసాలన్నీ కింద పడ్డాయి. తలుపు తోస్తే రాలేదు. తలుపుకున్న చిన్న అద్దంలోంచి చూస్తే సొరంగం కనపడలేదు, అద్దం నిండా రాళ్లే ఉన్నాయి.

ఫోను తీగ సొరంగం గోడ వెంబడే పోతుంది కాబట్టి అదీ పోయింది. కరెంటుకు లోటు లేదు, పైన ఎండ పలకలున్నాయి. నీళ్లున్నాయి. ఈస్టరు ముందటి శ్రమకాలపు ఉపవాసానికని వచ్చినదాన్ని, ఒంటిపూట లెక్కన తిండి కావలసినంత ఉంది. తక్కువైంది గాలి. గాలి కడిగే డబ్బా ఒకటి ఒక రోజుకు వస్తుంది. లోపల తొమ్మిదున్నాయి. ఇంకో ఆరు తలుపు అవతలి అరలో ఉన్నాయి, లోపల చోటు వృథా చేయడం ఎందుకని నేనే అక్కడ పెట్టించాను. తిండీ డబ్బాలూ తెచ్చే బండి మళ్లీ వచ్చేది పద్నాలుగో రోజున.

అంతవరకూ నన్నెవరూ వెతకరు. ‘నలభై రోజులు నన్ను కదిలించకండి, దేవుడితో ఒంటరిగా ఉంటాను’ అని మందిరంలో నిలబడి మరీ చెప్పి వచ్చాను. దేవుడు ఆ మాట అక్షరాలా విన్నట్టున్నాడు.

అయినా భయపడలేదు, ప్రార్థన తీగ పనిచేస్తోంది. పేరుకే తీగ, అది గుట్ట మీది చిన్న స్తంభం నుంచి గాలిలేని ఆకాశంలో పోతుంది. మా ఊరు ఏలీములో డెబ్బై కుటుంబాలం ఉన్నాం. రోజుకు ఇరవై నాలుగు గంటలూ ఎవరో ఒకరు ప్రార్థనలో ఉండేలా ఇరవై నాలుగు మందిమి గంటలు పంచుకున్నాం. విన్నపం ఉన్నవాళ్లు మీట నొక్కి చెబితే ఆ గంటవాళ్లు విని ప్రార్థిస్తారు. దీన్ని గొలుసు ప్రార్థన అంటాం. గొలుసుకు పెద్దను నేనే. మూడు వందల పదకొండు రోజులుగా తెగలేదు.

ఎనిమిదింటి గంట సంఘపెద్ద ప్రకాశరత్నం గారిది. మీట నొక్కాను.

“అయ్యగారూ, నేను తబితను. విత్తన గది సొరంగం కూలింది. తలుపు రావట్లేదు. గాలి తొమ్మిది రోజులకే ఉంది. తవ్వకం వాళ్లను పంపండి.”

“తబితమ్మా, నీ విన్నపం విన్నాను తల్లీ,” అన్నారు ఆయన. “కూలినవాటిని లేవనెత్తే ప్రభువు నీ తలుపులు తెరుచును గాక.” ఆ తర్వాత పది నిమిషాలు నా పేరు పెట్టి చక్కగా ప్రార్థించారు. నాకు ఏడుపొచ్చింది. కింద పడిన సీసాలు ఏరి, ఎవరైనా వస్తే గది అసహ్యంగా ఉండకూడదని నేల కూడా తుడిచాను.

ఎనిమిది డబ్బాలు

ఎవరూ రాలేదు.

నిన్న పొద్దుటంతా ప్రతి గంటకూ మీట నొక్కి చెప్పాను. ప్రతి గంటా ఒక తెలిసిన గొంతు పలికింది. అందరూ విన్నామన్నారు, అందరూ ప్రార్థించారు. మధ్యాహ్నానికి అసలు సంగతి తట్టింది. ఏలీములో దగ్గని మనిషి లేడు. ఈ నేల దుమ్ము అలాంటిది, పసిపిల్లలు కూడా రెండు మాటలకోసారి దగ్గుతారు. నేను విన్న గొంతుల్లో ఒక్కటి కూడా దగ్గలేదు.

అవి మనుషులు కావు, జోడుగొంతులు.

ఆ మిషన్లు తెచ్చింది నేనే. గొలుసు మొదలుపెట్టిన కొత్తలో జనం నిద్రపోయేవాళ్లు, పనిలో పడి మరిచిపోయేవాళ్లు. వారానికి రెండుసార్లు గొలుసు తెగేది. అది నాకు తలవంపులుగా ఉండేది. అందుకని, ఎవరి గొంతు వాళ్లది నేర్చుకుని, వాళ్లకు వీలుకానప్పుడు వాళ్ల మాటల్లోనే ప్రార్థించే మిషన్లు పెట్టించాను. అప్పుడు పాస్టరు ఎలీషా గారు అడిగారు.

“అమ్మా, మనిషి లేకుండా గొంతు ప్రార్థిస్తే అది ప్రార్థన అవుతుందంటారా?”

“గంట ఖాళీగా ఉండేదానికన్నా నయం కదండీ,” అన్నాను. ఆయన మెత్తని మనిషి, ఒప్పుకున్నారు.

వీలుకానప్పుడు అని పెట్టిన మిషను ఎప్పుడూ అయిపోయిందని నాకు తెలియకపోలేదు. తెలిసీ అడగలేదు. అడిగితే మూడు వందల పదకొండు అనే అంకె పోతుంది. అందుకే ఇప్పుడు నా ఆపద గురించి ఇరవై నాలుగు గొంతులు రేయింబవళ్లు దేవుడికి చెబుతున్నాయి, ఒక్క మనిషికి మాత్రం చెప్పడంలేదు.

ఏడు డబ్బాలు

ఈ గది ఎనిమిది అడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. నా అడుగులతోనే కొలిచాను. ఇంతకుముందు ఎన్నిసార్లు వచ్చానో, ఇంత చిన్నదని ఎప్పుడూ అనిపించలేదు. చేతులు చాస్తే రెండువైపులా అరలు తగులుతాయి. కాసేపటికోసారి వెళ్లి తలుపు తోసి వస్తున్నాను. రాదని తెలుసు.

గొంతులతో అన్ని విధాలా మాట్లాడి చూశాను. తిట్టాను. “ఆమెన్ అనకండి, వెళ్లి మనుషుల్ని లేపండి” అని అరిచాను. “నీ మనసులోని కలవరాన్ని ప్రభువు నెమ్మది చేయును గాక” అంది పాస్టరమ్మ గొంతు. సొరంగం బాగుచేసే దావీదు గొంతుతో, “ఒరే, నీకు పుణ్యముంటుంది, నీ యజమానికి ఒక్క ముక్క చెప్పరా” అని బతిమాలాను. అతని గొంతు నా కోసం కన్నీళ్లతో ప్రార్థించింది. కన్నీళ్లు కూడా నేర్చుకుందది.

సాయంత్రం నాలుగింటికి మీట నొక్కితే నా గొంతే పలికింది. నా గంట నాకు గుర్తు లేదు.

“ధైర్యం తెచ్చుకో చెల్లీ,” అంది. “నువ్వు ఒంటరివి కావు. మేమంతా నీతో ఉన్నాం.”

నేను ఇతరులతో ఇలాగే మాట్లాడతానన్నమాట. తియ్యగా, తొందరగా, ఎదుటివాళ్ల మాట పూర్తికాకముందే. వినలేక మీట వదిలేశాను.

ఆరు డబ్బాలు

ఉపవాసం మానేశాను. గుప్పెడు వేరుశనగలు తిన్నాను, విత్తనానికి దాచినవే. దేవుడికి చెప్పుకున్నాను, రిజిస్టరులోనూ రాస్తున్నాను.

ఈ గొంతులు నా సంగతి బయటికి ఎందుకు చెప్పవో కూడా రాసి పెట్టాలి. ఒకప్పుడు మా గొలుసులో తుమ్మితే సాయంత్రానికి ఊరంతా చిరంజీవ అనేది. విన్నపాల పేరుతో ఇంటింటి గుట్టూ బయటపడేది. దాంతో పెద్దల కూటంలో నేనే లేచి, తీగలో చెప్పిన మాట తీగ దాటకూడదని నియమం పెట్టించాను. మిషనుకు మొదట నేర్పింది అదే. ఎంత చచ్చే బాధయినా, ఏ విన్నపమూ ఎవరికీ చెప్పదు.

నియమం మంచిదే. అది ఎందుకు అవసరమైందో ఆ రోజు కూటంలో నేను చెప్పలేదు. ఎవరో నోరు జారారు, పేరెందుకులే అన్నాను. అందరూ తలూపారు.

ఆ నోరు నాది. కంచే చేను మేసింది. ఇవాళ వరకూ ఈ మాట కాగితం మీద పెట్టలేదు, మనసులో కూడా ఇంత సూటిగా అనుకోలేదు. మిషనుది తప్పు కాదు. నేను చెప్పింది చెప్పినట్టు చేస్తోంది, నాకన్నా నమ్మకంగా చేస్తోంది.

నాలుగు డబ్బాలు

నిన్న రాయలేదు. తలనొప్పి. డబ్బాను రోజు దాటి ఇంకో నాలుగు గంటలు వాడి చూశాను, అందుకే కాబోలు. ఇక ఆ పని చేయను.

ఈ ఉదయం మొలకల పళ్లాలకు నీళ్లు చల్లుతుంటే సమాధానపు మీట గుర్తొచ్చింది. జోడుగొంతులు పెట్టిన రోజున పాస్టరు గారు పట్టుబట్టి చేర్పించింది అదొక్కటే. బలిపీఠం దగ్గర కానుక పెట్టేముందు, నీ మీద ఎవరికైనా విరోధం ఉంటే ముందు వెళ్లి వాళ్లతో సమాధానపడమని, అంటే రాజీ పడమని, వాక్యంలో ఉంది కదా, దాని కోసం. ఎవరికైనా మన మీద బాధ ఉంటే వాళ్లు తీగలో మన పేరు చెప్పి ఉంచుతారు. మనం ఆ మీట నొక్కితే వాళ్ల పేరు కనపడుతుంది. వాళ్లతో ఒక్కసారి, రెండు నిమిషాలు మాట్లాడవచ్చు. ఆ మాట జోడుగొంతుకు వెళ్లదు, మనిషి చెవికే వెళుతుంది.

“క్షమాపణ పనిమనిషితో పంపేది కాదమ్మా,” అన్నారు పాస్టరు గారు. ఎవరు వాడతారులే అనుకుని సరేనన్నాను.

గబగబా వెళ్లి నొక్కాను. ఏ పేరున్నా ఫర్వాలేదు, ఏదో ఒక క్షమాపణ చెప్పేసి, పనిలో పని నేను చిక్కుకున్న సంగతి అందించొచ్చు. మందిరంలో పాటల సాధన దగ్గర నేను విసుక్కున్న వాళ్లు ఓ పదిమంది ఉంటారు, వాళ్లలో ఎవరో ఒకరి పేరు ఉండకపోదు అనుకున్నాను.

ఒక్క పేరే ఉంది. హెప్సిబా.

పక్కనే తేదీ ఉంది. పది నెలల కిందటిది. ప్రతి నెలా ప్రభువు బల్లలో రొట్టె తీసుకునే ఆదివారానికి ముందు ఆ పేరు నాకు వస్తూనే ఉంది. ఆ కబురు మామూలు తీగలోనే వస్తుంది కాబట్టి ప్రతిసారీ నా జోడుగొంతే జవాబిచ్చింది. ‘వందనాలు చెల్లీ, నీ కోసం ప్రార్థిస్తున్నాను’ అని.

మూడు డబ్బాలు

హెప్సిబా రాయి తొలిచే బండి నడుపుతుంది. ఆమె భర్త సామ్యేలు పోయినేడు తవ్వకంలో పోయాడు. ఏలీములో ఆమె ఒక్కతే విధవరాలు. ఆదివారపు బడిలో పిల్లలకు చెప్పేది, పదకొండు మంది పిల్లలు ఆమె అంటే ప్రాణం పెట్టేవాళ్లు.

ఒకరోజు నా గంటలో తీగ మీదికి వచ్చింది. అప్పటికింకా జోడుగొంతులు లేవు, నేనే విన్నాను.

“అక్కా, నాకు ప్రార్థన రావట్లేదు. మోకరిస్తే గోడతో మాట్లాడినట్టుంటంది. అవతల ఎవరూ వినట్లేదనిపిస్తంది. ఎవరికీ చెప్పబాక.”

చెప్పనన్నాను. మూడో రోజు ఆడవాళ్ల కూడికలో, “పేరు చెప్పను గానీ, ఈమధ్యే భర్తను పోగొట్టుకున్న ఒక సహోదరి విశ్వాసంలో చల్లారిపోయింది, ఆమె కోసం భారంగా ప్రార్థించండి” అన్నాను. ఒక్క విధవరాలున్న ఊళ్లో పేరు చెప్పకపోవడం ఎంత గొప్ప మర్యాదో! ఆ ఆదివారం బడికి నలుగురే పిల్లలొచ్చారట. పై ఆదివారం ఎవరూ రాలేదు. కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోమని పాస్టరమ్మ చెప్పింది. హెప్సిబా గొలుసు మానేసింది, మందిరం మానేసింది. వెనక్కి తగ్గిన మనిషని ఆమె కోసం కూడా గొలుసులో ప్రార్థించాం.

నిన్నంతా మీట ముందు కూర్చుని మాట్లాడలేకపోయాను. డబ్బా ఒకటి అలాగే అయిపోయింది. ప్రాణం మీదికొచ్చింది కాబట్టి ఇప్పుడు క్షమాపణ అడిగితే అది క్షమాపణా, లేక తాడు వేయమని బతిమాలడమా? బతిమాలడం దాచిపెట్టి పైకి పశ్చాత్తాపం చూపిస్తే, జోడుగొంతుకూ నాకూ తేడా ఏముంది? పోనీ ఏమీ అడగకుండా చచ్చిపోదామా అంటే, అది వినయం కాదు, పొగరు. నాకు చావాలని లేదు. చాలా భయంగా ఉంది. ఈ మూడడుగుల గదిలో నోరు తెరుచుకుని చేపలా పడి ఉంటానేమోనని భయంగా ఉంది.

మధ్యాహ్నం రెండింటికి మీట నొక్కాను. చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

“హెప్సీ, నేను తబితను. విత్తన గదిలో చిక్కుకున్నాను, సొరంగం కూలింది, గాలి మూడు రోజులకుంది. ఇది ముందే చెబుతున్నాను, లేకపోతే దీని కోసమే మిగతాదంతా అల్లానంటావు. సగం దీని కోసమే. నువ్వు నాతో చెప్పుకున్న మాట నేనే కూడికలో చెప్పాను. నోరు జారి కాదు. అందరికన్నా ముందు నాకే తెలిసిందని చూపించుకోవడానికి చెప్పాను. నీ పిల్లలు నీకు దూరమైంది నావల్ల. ఎవరో చెప్పారని పెద్దల దగ్గర అబద్ధమాడాను. పది నెలలు నీకు మిషనుతో జవాబిప్పించాను. నువ్వు రాకపోయినా ఇవన్నీ నిజమే. నన్ను క్షమించు.”

ఇంకో ఇరవై సెకన్లు మిగిలాయి. మీట వదిలేశాను.

రెండు డబ్బాలు

మీట పక్కన ఒక చిన్న దీపం ఉంటుంది. అవతలి మనిషి విన్నాక పచ్చగా వెలుగుతుంది. నిన్న సాయంత్రం ఐదింటికి వెలిగింది.

విన్నది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. తలుపుకు చెవి పెట్టి కూర్చున్నాను. ఇప్పుడు మధ్యాహ్నం పన్నెండు. పందొమ్మిది గంటలు. ఊరి నుంచి ఇక్కడికి నడక గంటన్నర.

కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. నేను ఆమె స్థానంలో ఉంటే ఏం చేసేదాన్నో నాకు బాగా తెలుసు. ఆమె కోసం ప్రార్థించమని నలుగురికీ చెప్పేదాన్ని.

మొలకలకు నీళ్లు చల్లాను. టమోటా నూటికి ఎనభై నాలుగు మొలిచింది. రాయాలి కదా.

ఒక డబ్బా

చేతిరాత బాగాలేదు. క్షమించాలి. రాత్రంతా కూర్చునే ఉన్నాను. ప్రార్థన చేద్దామంటే మాటలు రాలేదు. నలభై ఏళ్లుగా జనం ముందు ధారాళంగా ప్రార్థించినదాన్ని, ‘తండ్రీ’ అన్న తర్వాత ఏమనాలో తెలియలేదు. హెప్సిబా చెప్పింది ఇదేనని అర్థమైంది. ఆ రోజు నేను అర్థం చేసుకోలేదు, ఎత్తి చూపించానంతే.

పదకొండింటికి గోడ అదిరింది. మళ్లీ నేల కదిలిందనుకున్నాను. కానీ ఆగి ఆగి వస్తోంది.

సొరంగంలో నుంచి వచ్చాక

ఇది మందిరం వెనక గదిలో కూర్చుని రాస్తున్నాను. మొన్నటి సంగతి ముందు రాస్తాను.

తలుపు అద్దంలో రాళ్లు కదిలి, వెలుగు పడి, బండి ముక్కు కనపడింది. హెప్సిబా దిగి వచ్చి గునపం పెట్టి తలుపు లాగింది. ఒళ్లంతా దుమ్ము. వెనక దావీదు, ప్రకాశరత్నం గారు, ఇంకో పదిమంది మనుషులు, అందరూ దగ్గుతూ ఉన్నారు. నా మాట వినగానే ఆమె ఇంటింటి తలుపూ తట్టి లేపిందట. నలభై గంటల పైన తవ్వారట. సొరంగం సగం పొడవున కూలింది. నాకు వినపడనంత దూరం నుంచి మొదలుపెట్టారు.

“లేవగలవా?” అంది.

“హెప్సీ, నన్ను...”

“ఇప్పుడు కాదక్కా. నిన్ను క్షమించి రాలా నేను. గాలాడని చోట మనిషుందంటే వచ్చా, అంతే.” నా చంక కింద చెయ్యి వేసి లేపింది. “అడగదల్చుకుంటే నా మొహం చూసి అడుగు. కూడికలో అడుగు. తీగలో కాదు.”

మొదట ఆయన గంటలోనే చెప్పానని అనగానే ప్రకాశరత్నం గారు నా చేయి పట్టుకుని ఏడ్చారు. “నువ్వు ఎనిమిదింటికే చెప్పావా తల్లీ. నాకు తెలియదు. నా గంట నమ్మకంగా నెరవేరిందని వారం వారం కాగితం వస్తానే ఉంది,” అన్నారు. ఆయన తప్పు ఒక్క వంతయితే నాది వంద వంతులు. ఆ మాటే చెప్పాను.

నిన్న జోడుగొంతులన్నీ ఆపించాను. ఇప్పుడు ఇరవై నాలుగు గంటల్లో తొమ్మిదింటికే మనుషులున్నారు. మిగతా పదిహేనింటి ఎదుట ‘ఖాళీ’ అని రాసి మందిరం తలుపుకు అంటించాను. గొలుసుకు ఇక పెద్దను కానని కూడా రాశాను. పాస్టరు గారు మిషన్లు ఒకటి రెండు ఉంచుదామన్నారు, మంచాన పడినవాళ్ల దగ్గరికి కబురు మోయడానికి. అది వేరే పని, ఉంచుకోవచ్చు.

ఇవాళ ఆడవాళ్ల కూడిక. ముప్పై ఇద్దరు వచ్చారు. హెప్సిబా వెనక, గోడ పక్కన కూర్చుంది. నేను లేచి జరిగింది జరిగినట్టు, పేర్లతో సహా చెప్పాను. చెప్పాక ఆమె వైపు తిరిగి, మొహం చూసి అడిగాను.

ఎవరో స్తోత్రం అనబోయి ఆగిపోయారు. హెప్సిబా తన అరచేతులు చూసుకుంది.

“విన్నాను,” అంది. “ఏం చెప్పాలో నాకింకా తెలవట్లేదక్కా. ప్రార్థన కూడా ఇంకా రావట్లేదు.” కొంచెం పక్కకు జరిగి చోటిచ్చింది. “నాకు గంట ఇస్తావా? వచ్చి ఇక్కడ కూర్చో. నా కోసం ప్రార్థన చెయ్యబాక. ఏం మాట్టాడబాక. ఊరికే కూర్చో.”

కూర్చున్నాను. కూడిక అయిపోయింది, అందరూ వెళ్లిపోయారు, ఎవరో దీపాలు తగ్గించి వెళ్లారు. ఆమె ఏడ్చింది, ఆపింది, మళ్లీ ఏడ్చింది. గంట నిండేదాకా నేను నోరు తెరవలేదు.